జబర్దస్త్ బృందానికి బహిరంగ లేఖ: మళ్లీ మా ఊళ్లవైపు చూడండి

జబర్దస్త్ నిర్మాతలకు, దర్శకులకు, తెర వెనక స్కిట్లు రాసే రచయితలకు, టీమ్ లీడర్లకు, నటీనటులకు నమస్కారం.

మీ కార్యక్రమం చూస్తే నవ్వు రావడం లేదు. ఈ మాట మీరు ఇంతకుముందు కూడా విని ఉంటారు. "పాత జబర్దస్తే బాగుండేది" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లు ఆ మాట అనేసి ఛానల్ మారుస్తారు. నేను అలా ఊరుకోలేకపోతున్నాను. నవ్వు ఎక్కడ పోయిందో, ఎందుకు పోయిందో మీకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నల్గొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. జనాన్ని నవ్వించే పని చిన్నదని ఏనాడూ అనుకోలేదు. అలా అనుకుంటే ఇంత పొడుగు ఉత్తరం రాసేదాన్ని కాదు.

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మీరు మొదలుపెట్టినప్పుడు స్కిట్లు వేసేవాళ్లలో పేరున్న తారలు ఎవరూ లేరు. సినిమాల్లో రెండు నిమిషాల వేషాల కోసం తిరుగుతున్నవాళ్లు, మిమిక్రీ చేసేవాళ్లు, ఇంద్రజాలం చేసేవాళ్లు ఆ వేదిక ఎక్కారు. వాళ్లకు మీరు ఒక ఇల్లు సెట్టో, ఒక అరుగు సెట్టో వేసి ఇచ్చారు, అంతే. చమ్మక్ చంద్ర స్కిట్‌లో ఆలుమగలు కీచులాడుకుంటే మా వీధిలో ఎవరింట్లోనో ఆ వారమే జరిగిన గొడవ గుర్తొచ్చేది. గెటప్ శ్రీను వేషం మారిస్తే బట్టలతో పాటు నడక, గొంతు, చూపు అన్నీ మారిపోయేవి. సుధీర్, శ్రీను, రాంప్రసాద్ ముగ్గురూ కలిసి నిలబడితే వాళ్ల స్నేహమే సగం స్కిట్టు. హైపర్ ఆది మాట మీద మాట వేస్తుంటే ముందటి మాటకు నవ్వడం పూర్తి కాకముందే తర్వాతిది వచ్చి పడేది. గురువారం రాత్రి తొమ్మిదిన్నర చాలక 2014లో శుక్రవారం ఎక్స్‌ట్రా జబర్దస్త్ కూడా వచ్చిందంటే జనం ఎంతగా అడిగారో తెలుస్తుంది.

మా ప్రాంతానికి అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఎన్నో ఏళ్లు తెరమీద తెలంగాణ మాట రౌడీకి వచ్చేది, లేదంటే ఇంట్లో పనివాడికి వచ్చేది. మీ వేదిక మీద సిరిసిల్ల నుంచి వచ్చిన వేణు టీమ్ లీడర్‌గా నిలబడ్డాడు. మన మాట ఇంటి మనిషి నోట వినబడింది, అత్తగారి నోట, అల్లుడి నోట వినబడింది. పాలమూరు నుంచి ముంబయికీ పుణెకూ, హైదరాబాదు భవనాల పనులకూ వెళ్లినవాళ్లు రాత్రి పని దిగి, రేకుల షెడ్డు ముందు కూర్చుని ఒకే ఫోను చుట్టూ చేరి మీ స్కిట్లు చూసుకునేవాళ్లు. సెలవులకు వచ్చినప్పుడు వాటిని మళ్లీ చెప్పుకుని నవ్వేవాళ్లు. మీరు వాళ్లకు ఇచ్చినది తక్కువేమీ కాదు.

ఇప్పుడు ఆ స్కిట్లలో మా ఊరి మనిషి కనబడడం లేదు. నా ఫిర్యాదు అంతా ఇదే.

ఈ మధ్య స్కిట్లలో పాత్రలకు పేర్లు ఉండవు. నటుల పేర్లే పాత్రల పేర్లు. అతను నిజ జీవితంలో ఎవరిని ప్రేమిస్తున్నాడు, ఈమెకు పెళ్లి ఎప్పుడు, ఫలానావాళ్లు వేరే ఛానల్‌కు ఎందుకు వెళ్లారు, మళ్లీ ఎందుకు వచ్చారు, ఎవరికి సినిమా అవకాశం వచ్చింది, ఎవరిది ఆడలేదు, ఎవరి జుట్టు ఊడింది: ఇవే జోకులు. ఒక టీము స్కిట్‌లో ఇంకో టీము మీద విసుర్లు. స్కిట్ మధ్యలో ఆపి జడ్జి మీద ఒకటి, యాంకర్ మీద ఒకటి. నటీనటుల మధ్య ఉత్తుత్తి ప్రేమలు, ఉత్తుత్తి పెళ్లిళ్లు. అప్పుడే మొదటిసారి టీవీ పెట్టిన మనిషికి ఒక్క ముక్క అర్థం కాదు. మీలో మీరు నవ్వుకుంటున్నారు, మేము కిటికీలోంచి చూస్తున్నాం.

ఇలా ఎందుకు అయిందో ఊహించడం కష్టం కాదు. ప్రతి వారం కొత్త స్కిట్ కావాలి. ఏళ్ల తరబడి, ఒక్క వారం తప్పకుండా కావాలి. రిహార్సలు, షూటింగు, మధ్యలో ఊళ్లలో ఈవెంట్లు. బస్సెక్కి ఎక్కడికో వెళ్లి మనుషులను చూసే తీరిక ఎక్కడిది? రోజంతా కనబడేది తోటి నటులే కాబట్టి జోకు వాళ్ల మీదే పుడుతుంది. మొదట్లో మీకు పదేళ్లు, పదిహేనేళ్లు బతికిన బతుకు చేతిలో ఉంది: అద్దె గదులు, ఆకలి, పల్లెటూరి పెళ్లిళ్లు, బంధువుల పంచాయితీలు. అదంతా స్కిట్లుగా ఖర్చయిపోయింది. మళ్లీ నింపుకునే వ్యవధి మీకు ఎవరూ ఇవ్వలేదు. నటుల మీద నాకు కోపం లేకపోవడానికి కారణం ఇదే. వ్యవధి ఇవ్వవలసినవాళ్లు నిర్మాతలు, ఛానల్ పెద్దలు. అందుకే ఈ ఉత్తరం ముందుగా వాళ్లకు.

వయసు పైబడుతున్న కొద్దీ పాతదే బాగుందనిపిస్తుందని కొందరంటారు. నా విషయంలో అది కాదని గట్టిగా చెప్పగలను, ఎందుకంటే నాతో పాటు మా పదో తరగతి పిల్లలు కూడా యూట్యూబులో మీ పాత స్కిట్లే చూస్తున్నారు. అవి వచ్చినప్పుడు వాళ్లు ఒకటో తరగతిలో కూడా చేరలేదు.

సరుకు లేదంటారా? యాసంగి (రబీ) కోతలయ్యాక మా జిల్లాలో వడ్లు కొనే ఏ ఐకేపీ కేంద్రానికైనా వచ్చి ఒక రోజు కూర్చోండి. తేమ పదిహేడు శాతం దాటితే వడ్లు కొనరు. రైతు రోడ్డు మీద ఆరబోస్తాడు. తేమ చూసే చిన్న యంత్రం పద్దెనిమిది చూపిస్తుంది. మళ్లీ ఆరబోస్తాడు. సాయంత్రానికి పదిహేడు అవుతుంది, కానీ అప్పటికి సంచులు అయిపోతాయి. సంచులు వచ్చేసరికి మబ్బు పడుతుంది. టార్పాలిన్ కోసం ఊరంతా పరుగు. వాన పడుతుంది, తేమ మళ్లీ మొదటికి వస్తుంది. చివరికి కాంటా (తూకం) అయితే లారీ రాదు. లారీ వస్తే మిల్లు దగ్గర తరుగు పేరుతో కోత. ఈ మొత్తంలో ఎంతమంది పాత్రలు ఉన్నారో చూడండి: యంత్రాన్ని దేవుడిలా చూసే ముసలాయన, ఆయనకు తెలియకుండా పక్క కుప్పలోని ఎండిన గింజలను యంత్రంలో పోసే మనవడు, ఎవరికీ అవుననీ కాదనీ చెప్పని కేంద్రం నిర్వాహకురాలు, కుప్పల మధ్య మంచం వేసుకుని అందరికీ సలహాలిచ్చే మాజీ సర్పంచి, మధ్యవర్తితో ఫోనులో బేరం ఆడుతూనే రైతులతో కలిసి ధర్నాలో కూర్చునేవాడు. అక్కడ రైతులు కడుపు మంటలోనూ ఒకరినొకరు నవ్వించుకుంటూనే ఉంటారు. ఆ నవ్వును పట్టుకుంటే పది నిమిషాల స్కిట్‌లో రాష్ట్రం మొత్తం నవ్వుతుంది. కళ్లు కూడా తడుస్తాయి.

ఇదొక్కటే కాదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఆధార్ కార్డు చూపించి సీటు కోసం పోటీపడే అత్తాకోడళ్లు, టికెట్ కొన్నాను కాబట్టి సీటు నాదే అనే మగవాళ్లు, మధ్యలో కండక్టరు. ఆ బస్సు నడిచే రంగస్థలం. 2022 నవంబరులో మునుగోడు ఉప ఎన్నిక జరిగినప్పుడు ఒక్కో ఊరికి ఒక్కో మంత్రి, ఒక్కో ఎమ్మెల్యే బాధ్యులుగా వచ్చి మకాం వేశారు. అంతకుముందు మండలాఫీసులో గుమస్తా కూడా పలకని మనిషిని పెద్ద పెద్ద నాయకులు పేరు పెట్టి పిలిచి, భుజం మీద చెయ్యి వేశారు. ఫలితం వచ్చిన మర్నాడు ఆ ఊళ్లు ఎలా ఉండి ఉంటాయో ఊహించండి. బత్తాయి తోటలో ధర మాట్లాడే వ్యాపారి, నాలుగు బోర్లు ఎండిపోయినా ఐదో బోరుకు కొబ్బరికాయ పట్టుకుని పాయింటు చూపించేవాడు, హైదరాబాదు రోడ్డు పక్క భూమి అమ్మి కారు కొని, ఆ కారులోనే కూలికి వెళ్లేవాడు. ఎంతని చెప్పను!

ఇక అసలు నొప్పి కలిగించే సంగతి. నవ్వు రాకపోతే మనిషి శరీరం మీద పడడం మీకు అలవాటైంది. పొట్టివాడు, లావుపాటి అమ్మాయి, బట్టతల, నల్లరంగు, ఎత్తుపళ్లు. స్కిట్ ఎక్కడ తడబడినా ఇవి ఆదుకుంటాయి. వాటితో చప్పట్లు వస్తాయని ఒప్పుకుంటాను. ఆ చప్పట్ల తర్వాత ఏం జరుగుతుందో మీకు కనబడదు.

మాది ఫ్లోరైడు జిల్లా. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు భూగర్భజలాల్లో లీటరుకు ఉండదగిన 1.5 మిల్లీగ్రాములకు ఎన్నో రెట్లు ఫ్లోరైడు ఉండేది. ఆ నీళ్లే తాగి పెరిగినవాళ్ల పళ్లు గోధుమరంగుకు తిరిగాయి, గారలు కట్టాయి. కొందరికి నడుములు వంగిపోయాయి, మోకాళ్లు వంకర పోయాయి. కృష్ణా నీళ్లు వచ్చాక పిల్లలకు ఆ బాధ తప్పింది, కానీ ఒకసారి వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు. పళ్ల మీద జోకు వేసినప్పుడు ఆ ఊళ్లలో టీవీ ముందు ఎవరు కూర్చున్నారో ఆలోచించండి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది సిగ్గు వల్ల అనుకుంటారు చూసేవాళ్లు. పళ్లు కనబడకూడదని అలా నవ్వుతారు.

బడి వార్షికోత్సవాల్లో పిల్లలు స్కిట్లు వేస్తారు. ఎవరూ నేర్పకుండానే వాళ్లు ముందు వెతుక్కునేది తరగతిలో లావుగా ఉన్న పిల్లను, నల్లగా ఉన్న పిల్లవాడిని. ఆ పిల్లే స్వయంగా ముందుకొచ్చి "నన్ను ఏనుగు అనండి టీచర్, అందరూ నవ్వుతారు" అంటుంది. తన మీద తాను జోకు వేసుకుంటేనే తనకు చోటు దొరుకుతుందని పన్నెండేళ్లకే నేర్చుకుంది. ఇది మీ ఒక్క కార్యక్రమం చేసిన పని అని నేను అనను. టీవీల్లో, ఫోన్లలో, సినిమాల్లో అంతటా ఇదే ఉంది. కానీ హాస్యం పేరు చెప్తే తెలుగు ఇళ్లలో ముందు గుర్తొచ్చేది మీరే కాబట్టి ముందు మారవలసింది కూడా మీరే.

ఈ టీచరమ్మ హాస్యానికి మడి కట్టమంటోందని మాత్రం అనుకోకండి. మన పల్లె హాస్యం ఏనాడూ మడి కట్టుకోలేదు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తూ నడుస్తూ జనం కునుకు తీస్తున్నారనగానే కేతిగాడు, బంగారక్క తెర మీదికి దూకేవాళ్లు. వాళ్ల మాటలు పిల్లల పక్కన కూర్చుని వినదగ్గవి కావు. అయినా ఊరంతా విరగబడి నవ్వేది, ఎందుకంటే మధ్యలో ఊరి కరణం గుట్టు, వడ్డీ వ్యాపారి పిసినారితనం కూడా బయటపడేవి. ఊరూరా తిరిగి దొర వేషంలో నవ్వించే పిట్టలదొర సంగతి చూడండి. ఖాకీ బట్టలు, టోపీ, చేతిలో కట్టె తుపాకి. తన ఎకరాలు, తన బంగళాలు, తన కొలువు అంటూ కోతల మీద కోతలు కోసేవాడు. చేతిలో చిల్లిగవ్వ లేని బుడగజంగాల కళాకారుడు గడీ (దొర కోట) ఉన్న ఊళ్లోనే దొర వేషం కట్టి, దొరతనాన్ని నవ్వులపాలు చేసి, చాటెడు గింజలు తీసుకుని వెళ్లేవాడు. అతను కూలివాడి వంకర కాలును వెక్కిరించలేదు. అధికారం వేసుకున్న బట్టలను వెక్కిరించాడు.

మగవాళ్లు ఆడవేషం కట్టడం మీద కూడా నాకు అభ్యంతరం లేదు. రంగస్థల నటుడు స్థానం నరసింహారావు సత్యభామగా నిలబడితే ఆడవాళ్లు ఆ నడక చూసి నేర్చుకోవాలనుకున్నారట. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇటు చిందు యక్షగానంలో చిందుల ఎల్లమ్మ మగ పాత్రలు వేసి మెప్పించింది. వేషం కట్టినవాడు ఆ మనిషిలోకి వెళ్లాలి. మీ తొలి రోజుల ఆడవేషాల్లో కొన్నింటిలో ఒక గడుసు ఇల్లాలు, ఒక పిచ్చి తల్లి నిజంగా కనబడేవాళ్లు. తర్వాత ఆ చీర తన్నులు తినడానికో, ద్వంద్వార్థాల మాట పడడానికో మిగిలింది. రోహిణి, సత్యశ్రీ, ఫైమా వంటి ఆడవాళ్లు వచ్చాక అది మారుతుందని ఆశపడ్డాను. వాళ్లు ఎంత చురుకైనవాళ్లో మీకు నాకన్నా బాగా తెలుసు. వాళ్లకు మనుషుల పాత్రలు రాసి చూడండి.

జడ్జిల నవ్వు గురించి ఒక మాట. నాగబాబు గారు, రోజా గారు ఉన్నప్పుడు వాళ్ల నవ్వు కూడా కార్యక్రమంలో భాగమే. 2019లో ఆయన, 2022లో మంత్రి అయ్యాక ఆమె వెళ్లిపోయారు. తర్వాత ఎవరు కూర్చున్నా ప్రతి మాటకూ నవ్వవలసిందే అన్నట్టుంది. స్కిట్ తేలిపోయినా కెమెరా వెళ్లి పగలబడి నవ్వుతున్న ముఖం మీద ఆగుతుంది. నటులకు ఇది మేలు చేయదు. ఎక్కడ నవ్వు రాలేదో తెలియకపోతే ఎలా సరిదిద్దుకుంటారు?

అమెరికాలో సాటర్డే నైట్ లైవ్ అనే స్కిట్ల కార్యక్రమం 1975 అక్టోబరు నుంచి నడుస్తోంది. దాని పని కూడా అయిపోయిందని అక్కడివాళ్లు దశాబ్దాలుగా అంటూనే ఉన్నారు. అది బాగుందా లేదా అన్నది వాళ్లు తేల్చుకుంటారు. వాళ్ల పని తీరు మాత్రం మీరు గమనించదగ్గది. ఏడాదికి వాళ్లు చేసేది సుమారు ఇరవై భాగాలే. ఎండాకాలం మొత్తం విరామం. వారం మొదట్లో ఆలోచనలు, మంగళవారం రాత్రంతా రాత, బుధవారం అందరూ బల్ల చుట్టూ కూర్చుని చదువుకోవడం. శనివారం సాయంత్రం నిజమైన ప్రేక్షకుల ముందు మొత్తం ఒకసారి ఆడి, నవ్వు రానివాటిని తీసేసి, మిగిలినవే రాత్రి ప్రసారంలో ఆడతారు. రాసినవాళ్లందరి పేర్లూ తెర మీద పడతాయి. మీరు ఏడాదికి యాభై రెండు వారాలు తోలుతున్నారు. ఏడాదిలో నాలుగు నెలలు ఆపండి. ఆ వారాల్లో పాత స్కిట్లు వేసినా మేం సంతోషంగా చూస్తాం. ఆ నాలుగు నెలలు రచయితలను ఊళ్ల మీదికి పంపండి. స్కిట్ మొదలవగానే రాసినవాళ్ల పేరు వేయండి. పేరు పడుతుందంటే రచయిత చేతికి బలం వస్తుంది.

మీ వేదిక ఎంత దూరం తీసుకెళ్లగలదో మీ వేణు చూపించాడు. 2023లో వేణు యెల్దండి దర్శకత్వంలో వచ్చిన బలగం సినిమాలో ఒక చావు ఇల్లు, పక్షికి పెట్టిన ముద్ద, అలిగిన చుట్టం. అంత దుఃఖంలో జనం నవ్వారు, అంత నవ్వులో ఏడ్చారు. పల్లెల్లో తెరలు కట్టుకుని ఊరంతా కలిసి చూశారు. కొత్త దేశాలేవీ చూపించలేదు ఆయన. తన ఊరిని చూపించాడు. మా ఉమ్మడి జిల్లాలోని కోదాడలో పుట్టిన వేణుమాధవ్ కూడా చేతిలో మాట్లాడే బొమ్మతో సభల్లో జనాన్ని నవ్వించి నవ్వించి సినిమాలకు వెళ్లాడు. ఎదురుగా కూర్చున్న జనమే ఆయనకు గురువులు. 2019 సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు కోదాడలో సొంత మనిషి పోయినట్టు మాట్లాడుకున్నారు.

ఈ తరంలో కూడా అలాంటివాళ్లు మా దగ్గర ఉన్నారు. జాతరల్లో వేషాలు కట్టేవాళ్లు, కూలి పనిలో కూడా పక్కవాడి గొంతు అచ్చంగా అనుకరించేవాళ్లు, హాస్టళ్లలో వార్డెన్ నడకను పట్టుకునే పిల్లలు. వాళ్లు హైదరాబాదు వచ్చి స్టూడియో గేటు ముందు నిలబడడం కష్టం. మీరే రావాలి.

అందుకే నా విన్నపం ఇది. వచ్చే ఎండాకాలం, వడ్ల కాంటాలు అయిపోయాక, మే నెల చివరిలో దేవరకొండ రండి. తర్వాత నాగర్‌కర్నూలు, నారాయణపేట వెళ్లండి. జూనియర్ కాలేజీ మైదానం చాలు, పెద్ద సెట్టు అక్కర్లేదు. జడ్జిల కుర్చీలు తీసుకురావద్దు. పొద్దున వచ్చి సంతలో తిరగండి, బస్టాండులో కూర్చోండి, సాయంత్రం ఆరు స్కిట్లు ఆడండి. మా వాళ్లకు నవ్వు వస్తే దాచుకోరు, రాకపోతే లేచి వెళ్లిపోతారు. జనం లేచి వెళ్లిన స్కిట్లు అక్కడే వదిలేయండి. మిగిలినవి టీవీలో వేయండి. వేషం కట్టే స్థానికుల్లో ఇద్దరు ముగ్గురికి ఆ సాయంత్రమే వేదిక ఇవ్వండి. వాళ్లను వెతికి పెట్టే పని నాది, మా బడి పూర్వ విద్యార్థులది. మీరు తేదీ చెప్పడమే ఆలస్యం, మైదానం అనుమతి కోసం దరఖాస్తు నేనే రాస్తాను.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
దేవరకొండ, నల్గొండ జిల్లా